ముల్లు ఎందుకు కదలలేదు?

(చదువు నేర్చుకున్న అక్కాచెల్లెళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం)



ఒకప్పుడు ప్రతి ఇంటి ముందు ఎద్దుల జత ఉండేది. ఇప్పుడు ఊరికి పదిళ్ళలో కూడా ఎద్దులు లేవు. చెనక్కాయల చేను దున్నాలంటే ట్రాక్టరు. కయ్య దున్నాలంటే ట్రాక్టరు. ఎరువు తోలాలంటే ట్రాక్టరు. చెరకు మిల్లుకు పోవాలన్నా, మామిడికాయ మండీకి పోవాలన్నా ట్రాక్టరే.

ట్రాక్టరు ఊరికే రాదు. బాడుగ ఇవ్వాలి. చేను సేద్యానికి బాడుగ గంటల లెక్క. గంటకు ఇంత అని మాట్లాడుకుంటారు. మరి ఎన్ని గంటలు దున్నిందో ఎవరు చెప్పాలి? డ్రైవరు చెప్తాడు. మనం ఇస్తాము. అంతే కదా ఇన్నాళ్ళూ జరిగింది!

ఇక మీదట ఆ లెక్క మనమే చూడొచ్చు. ట్రాక్టరు మీదనే ఒక మీటరు ఉంది. ఈ రోజు మాట్లాడుకునేది దాని గురించే. అది ఏం చెప్తుంది? ఎట్లా చదవాలి? అది పని చేయకపోతే లోపం ఎక్కడుందో ఎట్లా కనుక్కోవాలి?

పాకాల వైపు ఒక పల్లె అనుకోండి. అక్కడ ఒక డ్వాక్రా సంఘం. సంఘం అక్కలు అప్పు తీసుకుని పాత ట్రాక్టరు ఒకటి కొన్నారు. ఊళ్ళో వాళ్ళకు బాడుగకు తిప్పుతారు. వచ్చిన డబ్బుతో కంతు కడతారు. డీజలుకు, డ్రైవరు జీతానికి పోగా మిగిలింది సంఘానికి.

ఒక రోజు ఊరి పెద్దాయన చేను దున్నారు. సాయంత్రం డ్రైవరు పిల్లోడు వచ్చి చెప్పినాడు.

"లీడరక్కా, నాలుగ్గంటల నలభై నిమిషాలు అయింది."

పెద్దాయన ఒప్పుకోలేదు.

"ఏం మాటలురా అవి? మీటరు నేను చూడలేదనుకున్నావా? నాలుగ్గంటల నాలుగు నిమిషాలే."

ఇద్దరూ మీటరు చూసినవాళ్ళే. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. అయినా లెక్క కలవలేదు. వీధిలో అరుపులు లేచినాయి.

ఆ సంఘంలో ఒకామెను అందరూ చిన్నమ్మ అంటారు. వయసు నలభై దాటింది. చదువు నేర్చి ఎక్కువ రోజులు కాలేదు. అంకెలంటే ఆమెకు మొదటి నుంచీ ఇష్టం. ఆమె ట్రాక్టరు ఎక్కి మీటరు ముందర కూర్చుంది.

మీటరు ఎట్లా ఉంటుందో చెప్పుకుందాం. స్టీరింగు ముందర గుండ్రంగా ఉంటుంది, గోడ గడియారం లాగా. చుట్టూ అంకెలు ఉంటాయి. 5, 10, 15, 20, 25 అని. ఒక ముల్లు ఉంటుంది. ఇంజను ఒక నిమిషంలో ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ ముల్లు చూపిస్తుంది. ముల్లు 15 దగ్గర ఉంటే పదిహేను చుట్లు అని కాదు. పదిహేను వందలు. అంటే నిమిషానికి 1,500 చుట్లు. మెకానిక్కులు దీన్ని ఆర్.పి.ఎం. అంటారు. పేరు పెద్దది, పని చిన్నది.

ముల్లు కింద చిన్న కిటికీ ఉంటుంది. అందులో అంకెలు వరుసగా ఉంటాయి. అవే గంటలు. ఇంజను పుట్టినప్పటి నుంచి ఎన్ని గంటలు పని చేసిందో అక్కడ ఉంటుంది. ఇంట్లో కరెంటు మీటరు అంకెలు ఎట్లా పెరుగుతాయో ఇవీ అట్లనే పెరుగుతాయి. వెనక్కి పోవు.

ఇక్కడే ఉంది తిరకాసు. చాలా మీటర్లలో చివరి అంకె వేరే రంగులో ఉంటుంది. లేదా దాని ముందర చుక్క ఉంటుంది. ఆ చివరి అంకె గంట కాదు. నిమిషమూ కాదు. గంటలో పదో వంతు. గంటకు 60 నిమిషాలు. పది భాగాలు చేస్తే ఒక్కో భాగం 6 నిమిషాలు. చివరి అంకె 1 ఉంటే 6 నిమిషాలు. 2 ఉంటే 12. 3 ఉంటే 18. 5 ఉంటే అరగంట.

పొద్దున మీటరు 1846.3 ఉండింది. డ్రైవరు పిల్లోడు దాన్ని సిగరెట్టు పెట్టె మీద రాసి పెట్టుకున్నాడు. సాయంత్రం 1850.7 ఉంది. తీసివేత చేయండి. 4.4 వస్తుంది. డ్రైవరు దాన్ని నాలుగ్గంటల నలభై అని చదివినాడు. పెద్దాయన నాలుగ్గంటల నాలుగు అని చదివినాడు. చిన్నమ్మ వేళ్ళ మీద లెక్క వేసింది. నాలుగార్లు ఇరవై నాలుగు.

"ఇద్దరిదీ తప్పే. నాలుగ్గంటల ఇరవై నాలుగు నిమిషాలు" అనింది.

గంటకు 1,000 రూపాయలు బాడుగ అనుకోండి. డ్రైవరు లెక్కకూ పెద్దాయన లెక్కకూ మధ్య తేడా 36 నిమిషాలు. అంటే 600 రూపాయలు. ఒక చుక్క చదవడం రాక 600 రూపాయల గొడవ! ఒక్క రోజు కూలి అంతకన్నా తక్కువే కదా.

4.4 గంటలకు 4,400 రూపాయలు. పెద్దాయన ఇచ్చినాడు. ఆ రోజు నుంచి సంఘంలో ఒక నోటు బుక్కు పెట్టినారు. తేదీ, చేను ఎవరిది, పొద్దున మీటరు, సాయంత్రం మీటరు, సంతకం. రాసే పని చిన్నమ్మది.

పది రోజులు బాగా జరిగింది. పదకొండో రోజు సాయంత్రం చిన్నమ్మ మీటరు చూసింది. 1893.6 ఉంది. పుస్తకం తీసింది. పొద్దున కూడా 1893.6. ట్రాక్టరు దినమంతా దున్నింది. అంకె కదల్లేదు.

"ఏం నాయనా, ఈ రోజు బండి నడిపినావా, నిద్రపోయినావా?"

"నడిపినాను చిన్నమ్మా! మధ్యాన్నం చూస్తే ముల్లు కింద పడిపోయి ఉంది. మీటరు పోయినట్టుంది."

మీటరు పోతే ఏమవుతుంది, బండి నడుస్తోంది కదా అని కొందరు అనుకుంటారు. చాలా మంది అట్లనే వదిలేస్తారు కూడా. ఏళ్ళ తరబడి ముల్లు కదలని ట్రాక్టర్లు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఇది మంచిది కాదు. బాడుగ లెక్క పోతుంది, అది ఒకటి. ఇంజనులో ఆయిలు ఎప్పుడు మార్చాలో తెలియదు, అది రెండోది. ఆయిలు గంటల లెక్కన మార్చాలి. కొన్ని బండ్లకు 250 గంటలకు ఒకసారి. మన బండికి ఎంతో దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. గంటలు తెలియకపోతే ఆయిలు నల్లగా, పలచగా అయ్యేదాకా తోలుతారు. ఇంజను లోపల అరిగిపోతుంది. మీటరు బాగు చేయడానికి అయ్యే ఖర్చు ఎంత? ఇంజను విప్పితే అయ్యే ఖర్చు ఎంత?

మరుసటి రోజు మెకానిక్కు వచ్చినాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "మీటరు మార్చాలమ్మా" అన్నాడు.

చిన్నమ్మ అడిగింది. "మీటరు చెడిందని ఎట్లా తెలిసింది అన్నా? విప్పి చూడలేదు కదా?"

ఆ ప్రశ్న ఎంతో మంచిది. ముల్లు కదలకపోతే చెడింది మీటరే కానక్కరలేదు. ఇంజను ఒక చోట ఉంది. మీటరు ఒక చోట ఉంది. ఇంజను తిరుగుతున్న సంగతి మీటరుకు ఎవరో చెప్పాలి. చెప్పేవాడు రాకపోతే మీటరు ఏం చేస్తుంది? బావిలో నీళ్ళుండి కుళాయిలో రాలేదంటే కుళాయి చెడిందని ముందే అనుకుంటామా? పైపు పగిలిందేమో చూస్తాము. ఇదీ అంతే.

పాత బండ్లలో ఆ పైపు లాంటిది కేబులు. సైకిలు బ్రేకు వైరు చూసినారు కదా, అట్లాంటి తొడుగు. తొడుగు లోపల ఒక మెలి తిప్పిన ఉక్కు తీగ. తీగ ఒక కొస ఇంజను దగ్గర, ఇంకో కొస మీటరు వెనక. ఇంజను తిరిగితే తీగ తొడుగు లోపల తిరుగుతుంది. తీగ కొస మీటరులో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం చుట్టూ గిన్నె లాంటి రేకు ఉంటుంది. అయస్కాంతం తిరిగితే ఆ రేకును కూడా తనతో లాగుతుంది. రెండూ ఒకదానికొకటి తగలవు. అయినా లాగుతుంది! రేకుకు ముల్లు తగిలించి ఉంటుంది. సన్నని స్ప్రింగు వెనక్కి పట్టుకుని ఉంటుంది. అయస్కాంతం ఎంత వేగంగా తిరిగితే ముల్లు అంత పైకి పోతుంది. మన మగవాళ్ళ పాత మోటారు సైకిళ్ళలో స్పీడు చూపించే ముల్లు కూడా ఇదే పద్ధతి. జర్మనీ దేశంలో ఆటో షుల్జ్ అనే ఆయన 1902లో ఈ పద్ధతికి హక్కు పత్రం తీసుకున్నాడు. నూరేళ్ళు దాటింది. ఇంకా పని చేస్తూనే ఉంది.

అదే తీగ పళ్ళ చక్రాలను తిప్పి గంటల అంకెలను కూడా జరుపుతుంది. అందుకని ఒకటి గుర్తు పెట్టుకోండి. ముల్లూ ఆగి, గంటలూ ఆగితే అనుమానం మొదట కేబులు మీద. ముల్లు తిరుగుతూ గంటలు మాత్రం ఆగితే కేబులు బాగుంది, మీటరు లోపల పళ్ళు అరిగినాయి. గంటలు జరుగుతూ ముల్లు మాత్రం పడిపోయి ఉంటే, అదీ మీటరు లోపలి లోపమే. ఈ మూడు మాటలు తెలిస్తే చాలు. మెకానిక్కు రాకముందే సగం జబ్బు కనుక్కున్నట్టే.

పాపం ఆ మెకానిక్కు చెడ్డవాడు కాదు. తొందరలో ఉన్నాడు. చిన్నమ్మ అడిగేసరికి నవ్వినాడు. "సరే అమ్మా, చూద్దాం" అన్నాడు.

ఇంజను ఆపినాడు. తాళం తీసి చిన్నమ్మ చేతికి ఇచ్చినాడు. ఇది మంచి అలవాటు. ఒకరు చెయ్యి లోపల పెట్టినప్పుడు ఇంకొకరు బండి స్టార్టు చేయకుండా ఉండాలంటే తాళం జేబులోనో చేతిలోనో ఉండాలి.

మీటరు వెనక ఒక మర ఉంది. చేత్తోనే విప్పినాడు. కేబులు ఊడి వచ్చింది. లోపలి తీగను పట్టి లాగినాడు. మూరెడు తీగ వచ్చింది. అంతే! మిగతాది రాలేదు. తీగ నడుమ తెగింది.

"చూసినావా అమ్మా, ఇదే."

"మరి మీటరు?"

మెకానిక్కు తెగిన తీగ ముక్కను మీటరు వెనక రంధ్రంలో పెట్టి వేళ్ళతో గబగబా తిప్పినాడు. ముందు కూర్చున్న డ్రైవరు పిల్లోడు కేక వేసినాడు. "కదులుతోంది! ముల్లు కదులుతోంది!"

మీటరు బతికే ఉంది. కేబులు చచ్చింది. కేబులు ధర మీటరు ధరలో చిన్న భాగం.

తీగ ఎందుకు తెగింది? అది కూడా అడగాలి. అడగకపోతే కొత్తదీ తెగుతుంది. కేబులు ఒక చోట చాలా మడత పడి ఉండింది. డ్రైవరు కొడవలి, నీళ్ళ సీసా పెట్టుకునే చోట అది నలిగింది. తీగ మడతలో తిరిగి తిరిగి తెగింది. దానికి తోడు తీగ ఎండిపోయి ఉంది, గ్రీజు చుక్క లేదు. తెగే ముందు నాలుగు రోజులు ముల్లు ఊగిందంట. ఒకసారి 10, ఒకసారి 20, మళ్ళీ 10. డ్రైవరు పిల్లోడు చూసినాడు, ఎవరికీ చెప్పలేదు. ముల్లు అట్లా ఊగితే కేబులు ఎండిందనో, మడత పడిందనో అర్థం. అప్పుడే తీగ తీసి కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పలచగా గ్రీజు పూసి, మడత లేకుండా కడితే ఈ ఖర్చే ఉండేది కాదు. గ్రీజు పూసేటప్పుడు మీటరు వైపు నాలుగు వేళ్ళ మేర వదిలెయ్యాలి. పూస్తే గ్రీజు మీటరు లోపలికి ఎక్కి ముల్లు బిగుసుకుంటుంది.

ఒక్కోసారి తీగ తెగి ఉండదు. చివర్లు అరిగి ఉంటాయి. తీగ కొస నాలుగు పలకలుగా ఉంటుంది. పలకలు అరిగి గుండ్రం అయితే రంధ్రంలో జారుతుంది, తిప్పదు. చేత్తో తడిమితే తెలుస్తుంది.

కొత్త కేబులు వేసినారు. ముల్లు లేచింది. నోటు బుక్కులో చిన్నమ్మ ఆ తేదీ రాసి, "కేబులు మార్చాము. 1893.6. ఒక దినం లెక్క లేదు" అని రాసింది. ఆ ఒక్క దినానికి గడియారం చూసి బాడుగ మాట్లాడుకున్నారు.

మీటరే మార్చాల్సి వస్తే ఇంకా జాగ్రత్తగా రాయాలి. కొత్త మీటరు సున్నా నుంచి మొదలవుతుంది. పాత గంటలు పుస్తకంలో లేకపోతే బండి వయసే తెలియదు. పాత బండి కొనేటప్పుడు మీటరులో తక్కువ గంటలు చూసి మురిసిపోకండి. మీటరు కొత్తదేమో అడగండి. క్లచ్చి పెడలు మీద రబ్బరు అరిగి నున్నగా ఉండి మీటరులో 500 గంటలు ఉంటే, నమ్మాల్సింది రబ్బరును.

కేబులు మీటరుకు ఇంకో గుణం ఉంది. తీగ తిరిగిన చుట్లను బట్టి గంట జరుగుతుంది. ఇంజను నిమిషానికి ఇన్ని చుట్లు తిరిగితే ఒక గంట అని కంపెనీ వాళ్ళు లెక్క కట్టి ఉంటారు. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 1,500 చుట్లకు గంట అనుకోండి. ఇంజను 750 చుట్ల మీద నిదానంగా తిరిగితే, గడియారంలో గంట అయినప్పుడు మీటరులో అరగంటే అవుతుంది. ఇది లోపం కాదు. ఇంజను ఎంత కష్టపడిందో దాని లెక్క అది.

కొత్త బండ్లలో అట్లా కాదు. కేబులు లేదు. వైర్లు ఉంటాయి. గంటలు కరెంటుతో లెక్క పడతాయి. ఇంజను ఆన్‌లో ఉన్నంతసేపు గంట జరుగుతూనే ఉంటుంది, నిదానంగా తిరిగినా, వేగంగా తిరిగినా. డ్రైవరు గట్టు మీద టీ తాగుతూ ఇంజను ఆపకపోతే ఆ టీ ఖర్చు మన మీద పడుతుంది. "అబ్బోడా, బండి ఆపి టీ తాగు" అని చెప్పొచ్చు. చెప్పడానికి సిగ్గెందుకు?

వైరు మీటర్లలో ముల్లుకు కబురు ఎట్లా పోతుంది? కొన్నిట్లో ఇంజను పళ్ళ చక్రం దగ్గర చిన్న సెన్సారు ఉంటుంది. పన్ను ముందర నుంచి పోయిన ప్రతిసారీ అది మీటరుకు చెప్తుంది. కొన్నిట్లో ఆల్టర్నేటరు నుంచి ఒక వైరు వస్తుంది. ఆల్టర్నేటరు అంటే బ్యాటరీకి కరెంటు ఎక్కించేది. ఇంజను తిరిగితే బెల్టు దాన్ని తిప్పుతుంది. పులికాట్ సరస్సులో పడవలకు పెట్టే ఇంజన్లలో మీటరు ఉంటే అదీ ఇట్లాంటిదే. 2022లో సూళ్ళూరుపేట, తడ మన తిరుపతి జిల్లాలోకి వచ్చినాయి కదా, పులికాట్ ఇప్పుడు మనకు పరాయిది కాదు. కొన్ని పడవ మీటర్ల వెనక చిన్న మీట ఉంటుంది. ఏ ఇంజనుకు ఏ అంకె మీద పెట్టాలో చూసి పెట్టాలి. తప్పు పెడితే ముల్లు బాగానే కదులుతుంది, కానీ సగమో రెట్టింపో చూపిస్తుంది. ట్రాక్టరులో కూడా వేరే రకం ఆల్టర్నేటరు బిగిస్తే మీటరు తప్పు చూపించొచ్చు. ముల్లు కదిలింది కాబట్టి అది చెప్పేది నిజం అనుకోకూడదు.

వైరు మీటరు ఆగితే ముందు బోర్డు మీద మిగతా ముళ్ళు, దీపాలు చూడాలి. అన్నీ ఆరిపోతే ఫ్యూజు. ఇంటి ఫ్యూజు లాంటిదే, చిన్నది. పోయిన చోట అదే అంకె ఉన్న ఫ్యూజు పెట్టాలి. రాగి తీగ చుట్టకూడదు, వైర్లు కాలుతాయి. ఒక్క చుట్ల ముల్లే ఆగితే ఆ వైరు వదులయిందేమో, తుప్పు పట్టిందేమో చూడాలి. ముల్లు ఎగిరెగిరి పడితే ఎర్తు వైరు బిగువు చూడాలి. ట్రాక్టరు గుంతల్లో, గట్ల మీద నడిచే బండి. అదిరి అదిరి మరలు వదులవుతాయి.

ఇంక ఒక్క సంగతి ఉంది. ఈ ప్రసంగంలో మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవకండి.

అదే ఊళ్ళో ఇంకొకరి కొత్త బండి చిన్నమ్మ వాళ్ళ చేనులో దున్నుతోంది. మధ్యాన్నం. ఎండ మండిపోతోంది. చిన్నమ్మ గట్టు మీద నీళ్ళ బిందెతో నిలబడింది. బండి దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చూపు అలవాటుగా మీటరు మీదికి పోయింది. ముల్లు సున్నా మీద ఉంది. ఇంజను మాత్రం గట్టిగా అరుస్తోంది.

"అబ్బోడా, ముల్లు పడిపోయింది!"

"మీటరే కదా చిన్నమ్మా. ఇంకో రెండు సాళ్ళు వేసి చూస్తాలే."

ఆమె ఇంకా దగ్గరికి పోయింది. బోర్డు మీద ఎర్ర దీపం ఒకటి వెలుగుతోంది. దీపం మీద చిన్న పెట్టె బొమ్మ. అది బ్యాటరీ గుర్తు. పక్కన వేడి చూపించే ముల్లు ఎర్ర గీత వైపు పోతోంది.

"ఆపు! ఆపు నాయనా!"

గొంతు విని డ్రైవరు ఆపినాడు. ముందు మూత ఎత్తి చూస్తే బెల్టు తెగి వేలాడుతోంది.

చూసినారా! మీటరు చెడలేదు. మీటరు నిజమే చెప్పింది. ఈ బండిలో ముల్లుకు కబురు ఇచ్చేది ఆల్టర్నేటరు. ఆల్టర్నేటరును తిప్పేది బెల్టు. బెల్టు తెగితే ఆల్టర్నేటరు ఆగుతుంది. అందుకని ముల్లు పడింది, బ్యాటరీ దీపం వెలిగింది. చాలా ట్రాక్టర్లలో అదే బెల్టు ఫ్యానునూ తిప్పుతుంది, ఇంజను చుట్టూ నీళ్ళు తోలే పంపునూ తిప్పుతుంది. అది తెగితే చల్లార్చే దారి లేదు. అట్లనే ఇంకో రెండు సాళ్ళు వేసి ఉంటే ఇంజను కాలి పట్టేసేది. బాగు చేయడానికి వేలు వేలు పోసినా పాత ఇంజను తిరిగి రాదు.

ముల్లు పడి, బ్యాటరీ దీపం కూడా వెలిగితే బండి వెంటనే ఆపాలి. బొమ్మలో నూనె డబ్బా లాంటిది ఉంటే అది ఆయిలు దీపం. ఇంజను తిరిగేటప్పుడు అది వెలిగినా ఆపాలి. ఈ బొమ్మలు చదవడానికి అక్షరాలు కూడా అక్కర లేదు.

ఆపిన తర్వాత డ్రైవరు పిల్లోడు రేడియేటరు మూత విప్పబోయినాడు. చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది. బాగా కాగిన నీళ్ళు లోపల ఒత్తిడితో ఉంటాయి. మూత విప్పితే ముఖం మీదికి చిమ్ముతాయి. ఇంజను చల్లారేదాకా ఆగాలి. చెట్టు నీడలో కూర్చున్నారు. ఆమె ఇంట్లో నుంచి సంగటి ముద్ద, ఊరిబిండి తెప్పించి పెట్టింది. ఆకలి తీరేసరికి ఇంజనూ చల్లబడింది.

బెల్టును వారానికి ఒకసారి చూస్తే చాలు. ఇంజను ఆపి, తాళం తీసి, బెల్టు నడిమిలో బొటనవేలితో నొక్కాలి. కొద్దిగా మాత్రమే లోపలికి పోవాలి. మంచం పట్టె వదులయినట్టు ఊగితే బిగించాలి. అంచుల్లో పీచులు లేచినా, పగుళ్ళు కనిపించినా కొత్తది వేయాలి. ఒక బెల్టు ఎప్పుడూ ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. దుక్కి రోజుల్లో బెల్టు కోసం తిరుపతికో చిత్తూరుకో పోయి వస్తే ఒక దినం పోయినట్టే. వాన పదును ఒక దినం ఆగదు.

ముల్లుతో ఇంకో పని ఉంది. చెనక్కాయలు రాల్చే మిషనును ట్రాక్టరు వెనక తగిలిస్తారు కదా. ట్రాక్టరు వెనక ఒక షాఫ్టు తిరుగుతూ మిషనును తిప్పుతుంది. దాన్ని పి.టి.ఓ. అంటారు. చాలా మిషన్లకు ఆ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరగాలి. మీటరు మీద 540 అని ఒక గుర్తు ఉంటుంది. ముల్లు ఆ గుర్తు మీద నిలిస్తే షాఫ్టు 540 చుట్లు తిరుగుతుంది. తొందరగా ముగించాలని డ్రైవరు ఇంకా పెంచితే కాయలు చితుకుతాయి, విత్తనాలకు పనికిరావు. మరీ తగ్గిస్తే కాయలు కట్టెకే ఉండిపోతాయి. విత్తనాలకు దాచుకునే కాయలైతే ముల్లు మీద కన్ను పెట్టాల్సింది మనమే. పగిలిన గింజ మొలవదు.

నిమిషానికి 540 అంటే సెకనుకు 9 చుట్లు. ఒకటి అని పలికే లోపల తొమ్మిది చుట్లు! కొంగు కొస తగిలితే లాక్కోవడానికి సమయం ఉండదు. జడ తగిలినా అంతే. మిషను దగ్గర గంపలు ఎత్తేది, కాయలు దోసేది మనమే కదా. కొంగు నడుముకు బిగించాలి. జడ ముడి వేసుకోవాలి. షాఫ్టు మీద తొడుగు లేకపోతే, "తొడుగు వేస్తేనే మేము వస్తాము" అని చెప్పాలి. తిరిగే షాఫ్టును దాటుకుని అవతలికి పోకూడదు, ఎంత తొందరున్నా. చుట్టి రావాలి. పిల్లలను ఆ చుట్టుపక్కలకే రానీయకూడదు.

ఈ పనులు మగవాళ్ళవి అని ఎవరైనా అంటే వినకండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి 1983 నుంచి నడుస్తోంది. ట్రాక్టర్ల మీద, సేద్యం మిషన్ల మీద అక్కడ శిక్షణ ఇస్తారు. కొత్త మిషన్లను పరీక్ష కూడా చేస్తారు. తిరుపతిలో వ్యవసాయ కాలేజీ 1961 నుంచి ఉంది. మీ మండలం వ్యవసాయ ఆఫీసుకు పోయి, శిక్షణ ఎప్పుడు ఉంటుంది, ఆడవాళ్ళను ఎప్పుడు పిలుస్తారు అని అడగండి. అడిగినప్పుడు నోటు బుక్కు తీసుకుపోండి. చెప్పింది అక్కడే రాసుకోండి.

చిన్నమ్మ వాళ్ళ సంఘం పుస్తకం ఇప్పుడు రెండోది నడుస్తోంది. మొదట్లో ఆమె రాత వంకరగా ఉండేది. 8 అంకె రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు రాసేది. డ్రైవరు పిల్లోడు నవ్వేవాడు. ఇప్పుడు వాడే పొద్దున్నే బండి తీసే ముందు ఆమె వాకిట్లో నిలబడి పిలుస్తాడు.

"చిన్నమ్మా, 2310.4. రాసుకో."

"ఉండు నాయనా, వచ్చి చూసి రాస్తా."